గ్రూప్ క్యాంపింగ్‌కి వేణ్ణీళ్ళ షవర్: మనమే తయారుచేసుకోవాలంటే ఎలా?

డేరాపక్షి

అందరికీ నమస్కారం. వచ్చే చలికాలంలో 18 మందిమి కలిసి మూడు రాత్రులు టెంట్లలో ఉండబోతున్నాం. అందులో నలుగురు చిన్నపిల్లలు, ఇద్దరు అరవై దాటినవాళ్ళు. బండి క్యాంపు దాకా వస్తుంది కాబట్టి బరువు గురించి బెంగ లేదు. పక్కనే వాగు ఉంది, నీళ్ళకి కొదవ లేదు. కరెంటు మాత్రం లేదు.

రోజంతా నడిచి మట్టి కొట్టుకుపోయి వచ్చాక పెద్దవాళ్ళు ఆ చన్నీళ్ళలో స్నానం చేయలేరు. స్నానం లేకుండా వాళ్ళకి నిద్ర పట్టదు. సాయంత్రం గంటన్నర, రెండు గంటల్లో అందరి స్నానాలూ అయిపోవాలి. నా దగ్గర 12 వోల్టుల బ్యాటరీ, గ్యాస్ పొయ్యి ఉన్నాయి. పైపులు బిగించడం, చిన్నచిన్న వైరింగ్ పనులు వచ్చు. ఒక్కరికో ఇద్దరికో పనికొచ్చే పద్ధతులు చాలానే కనిపించాయి. ఇంతమందికి ఏది నిలబడుతుందో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరా?

లెక్కలపుస్తకం

ఏం కొనాలో తర్వాత చూద్దాం. ముందు వేడి లెక్క తేలాలి.

చేతిలో నొక్కితే వచ్చే, వదిలితే ఆగే షవర్ వాడితే మనిషికి 8 లీటర్లు సరిపోతాయి. తడుపుకోవడం, ఆపి సబ్బు రుద్దుకోవడం, కడుక్కోవడం. 18 మందికి 144 లీటర్లు. వాగు నీళ్ళు చలికాలంలో 12 డిగ్రీలు ఉంటాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండేది 40. అంటే 28 డిగ్రీలు పెంచాలి. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ పెరగడానికి ఒక కిలో క్యాలరీ కావాలి కాబట్టి మొత్తం 4,000 పైచిలుకు.

కిలో ఎల్పీజీ కాలితే సుమారు 11,000 కిలో క్యాలరీలు వస్తాయి. ఆరుబయట పొయ్యి మీద సగం వేడి గాలిపాలు అవుతుందని వేసుకున్నా, సాయంత్రానికి ముప్పావు కిలో గ్యాస్ చాలు. గ్యాస్‌కి ఇబ్బంది లేదు, చిక్కంతా టైముతోనే. 5 కిలోవాట్ల పొయ్యి ఒక్కటే పెడితే, అందులో సగమే నీళ్ళకి చేరుతుంది కాబట్టి దగ్గర దగ్గర రెండు గంటలు మండాలి. అందుకే మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: నిమిషానికి ఎంత వేడి నీళ్ళలోకి ఎక్కుతుంది?

బ్యాటరీతో హీటర్ కాయిల్ వేసి కాగబెడదామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీని పూర్తిగా పిండినా 1.2 కిలోవాట్ అవర్లే. మీకు కావాల్సింది 4.7. బ్యాటరీని పంపుకీ లైటుకీ ఉంచుకోండి.

రాగిచుట్ట

నేను చేసింది చెబుతాను. 10 మిల్లీమీటర్ల రాగి గొట్టం ఆరు మీటర్లు తీసుకుని స్ప్రింగులా చుట్టి పొయ్యి మంట మీద పెట్టాను. ఒక కొస పంపుకి, రెండో కొస బకెట్‌లోకి. పంపు బకెట్‌లోని నీళ్ళనే లాగి, చుట్టలోంచి తిప్పి, మళ్ళీ బకెట్‌లోనే పోస్తుంది. థర్మామీటర్ 40 చూపగానే మంట ఆర్పి, గొట్టం షవర్‌కి మార్చుకోవడమే.

చుట్టేటప్పుడు గొట్టం నొక్కుకుపోకుండా ఒక కిటుకు ఉంది. గొట్టాన్ని ఎర్రగా కాల్చి చల్లారనిస్తే మెత్తబడుతుంది. తర్వాత పొడి ఇసుక నింపుతూ పక్కనించి తట్టాలి. ఇసుక కూరుకుని ఇంక దిగదు అన్నప్పుడు రెండు కొసలకీ కర్ర బిరడాలు కొట్టి, లావుపాటి ఇనుప పైపు చుట్టూ నెమ్మదిగా తిప్పాలి. తొందరపడితే లోపలివైపు ముడత పడుతుంది. పని అయ్యాక బిరడాలు తీసి నీళ్ళతో బాగా కడగాలి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా అది పంపులోకే చేరుతుంది. లోపల ఇసుక చెమ్మగా ఉండగా మాత్రం గొట్టాన్ని వేడి చేయకూడదు. బిరడాలు తుపాకి గుండులా లేస్తాయి.

మంట తగిలే చోట సోల్డర్ అతుకు ఉండకూడదు. మెత్తని సోల్డర్ 200 డిగ్రీల అటూ ఇటూలోనే కరిగిపోతుంది. అతుకులన్నీ మంటకి దూరంగా, కంప్రెషన్ ఫిట్టింగులతో (సోల్డర్ లేకుండా నట్టు బిగించి కలిపేవి).

నిప్పుకాపలా

రాగిచుట్ట గారి పనితనం బాగుంది. కానీ ఈ థ్రెడ్ చదివి ఎవరైనా చుట్ట చేసుకునే ముందు ఇది తప్పకుండా చదవాలి.

చుట్ట తర్వాత, అంటే వేడి వైపు, ఎక్కడా వాల్వ్ పెట్టకండి. షవర్ తల నేరుగా చుట్టకి తగిలించి, దానికి ఆన్-ఆఫ్ బటన్ ఉంటే అదీ వాల్వే. ఎవరో సబ్బు రుద్దుకుందామని బటన్ వదులుతారు. కింద మంట మండుతూనే ఉంటుంది. 10 మిల్లీమీటర్ల గొట్టం ఆరు మీటర్లలో పట్టేది 300 మిల్లీలీటర్లే. అన్ని నీళ్ళు మరగడానికి నిమిషం కూడా పట్టదు. నీళ్ళు ఆవిరైతే 1,600 రెట్లకి పైగా వ్యాకోచిస్తాయి. దారి లేకపోతే గొట్టం ఊడుతుంది లేదా పగులుతుంది. దారి తెరిస్తే ఆ ఆవిరి ఎదురుగా ఉన్న మనిషి మొహం మీదకే.

ఆయన చేసినట్టు బకెట్‌లోకి తెరిచి వదిలితే ఈ గండం ఉండదు. అయినా బ్యాటరీ అయిపోయి పంపు ఆగిందంటే, చుట్టలోంచి సలసల కాగే నీళ్ళు చిమ్ముతాయి. అందుకని ఎప్పుడూ ఒకటే వరస: పంపు, నీటి ధార కళ్ళారా చూడటం, ఆ తర్వాతే మంట. ఆర్పేటప్పుడు ముందు మంట, మరో రెండు నిమిషాలు నడిపాకే పంపు. పొయ్యి దగ్గర ఒక పెద్దమనిషి కదలకుండా కూర్చోవాలి.

ఇంకో మాట. పొయ్యి టెంట్‌లోపల వద్దు, షవర్ గుడారంలో అసలే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తల తిరిగేదాకా తెలియదు.

లెక్కలపుస్తకం

చుట్ట లెక్క కూడా వేసి చూశాను. 5 కిలోవాట్ల పొయ్యి మంట నుంచి చుట్టలోకి 2 కిలోవాట్లు దిగాయనుకున్నా, నిమిషానికి రెండు లీటర్లు పారిస్తే పెరిగేది 14 డిగ్రీలు. అంటే ఒక్క దాటులో షవర్‌కి సరిపడే వేడి రాదు, తిప్పి తిప్పి కాచాల్సిందే. ముగ్గురు నలుగురికి బాగుంటుంది. 18 మందికి అదే పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె అంతకంటే ఎక్కువ వేడి పట్టుకుంటుంది.

వేడిచుక్క

ఇంత కష్టపడటం ఎందుకండీ? బయట వాడే పోర్టబుల్ గ్యాస్ గీజర్లు దొరుకుతున్నాయి కదా. సిలిండర్, పంపు తగిలిస్తే చాలు, నీళ్ళు పారగానే దానంతటదే వెలుగుతుంది. 10 కిలోవాట్లు నీళ్ళలోకి దిగేదైతే లెక్కలపుస్తకం గారి 28 డిగ్రీల పెంపుతో నిమిషానికి ఐదు లీటర్లు ఇస్తుంది. 144 లీటర్లకి అరగంట. మా బృందం అదే వాడుతుంది. ఆరిపోతే గ్యాస్ కట్ చేసే సెన్సర్, అతివేడి కట్ఆఫ్ రెండూ ఉన్నాయో లేదో మాత్రం చూసి తీసుకోండి.

పంపుమెకానిక్

గీజర్ మంచిదే, కానీ పంపుతో దాని జోడీ కుదరాలి. చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు.

12 వోల్టుల డయాఫ్రమ్ పంపుకి ప్రెషర్ స్విచ్ ఉంటుంది. షవర్ మూస్తే ఒత్తిడి పెరిగి పంపు తనే ఆగుతుంది, తెరిస్తే నడుస్తుంది. షవర్ తల మరీ సన్నటి రంధ్రాలదైతే, నీళ్ళు కొద్దికొద్దిగా పోతూ పంపు క్షణానికోసారి ఆగి నడుస్తుంది. దాంతో పాటు గీజర్ మంటా ఆరి వెలుగుతుంది. స్నానం చేసేవాళ్ళకి ఒకసారి కాలుతుంది, ఒకసారి గడ్డకడుతుంది. దీనికి పంపు తర్వాత చిన్న అక్యుములేటర్ ట్యాంకు (ఒత్తిడిని నిలకడగా ఉంచేది) పెట్టాలి, లేదా ధారాళంగా పారే షవర్ తల వాడాలి.

రెండోది. ఆపి మళ్ళీ తెరిచినప్పుడు మొదటి గుక్క ఎక్కువ వేడిగా వస్తుంది. ఆగిన ఆ కాసేపూ గీజర్ లోపలి లోహం వేడి అందులో నిలిచిన నీళ్ళకే ఎక్కుతుంది కదా. సబ్బు రుద్దుకున్నాక తిరిగి తెరిచేటప్పుడు షవర్‌ని నేల వైపు తిప్పి, చేత్తో చూసుకున్నాకే ఒంటి మీద పోసుకోవాలి. పిల్లలకి ఇది చెప్పినా గుర్తుండదు.

ఇక ఏ పద్ధతికైనా వర్తించేవి: కాచే సాధనం ఉంటే పంపు ఎప్పుడూ దానికి ముందు, చన్నీళ్ళ వైపే. ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే. మురికి లాగకుండా పంపు మూతికి జాలీ ఫిల్టర్. నాలుగు ఆంపియర్లు లాగే పంపు నిమిషానికి నాలుగు లీటర్లు ఇస్తే, 144 లీటర్లకి 36 నిమిషాలు, అంటే 2.4 ఆంపియర్-అవర్లు. 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ ఒక సాయంత్రానికి హాయిగా సరిపోతుంది.

తోటలో వాడే మామూలు పీవీసీ గొట్టం వేడికి మెత్తబడి క్లిప్ నుంచి జారుతుంది. వేడి వైపు సిలికాన్ గొట్టం గానీ పెక్స్ పైపు (వేణ్ణీళ్ళని తట్టుకునే ప్లాస్టిక్ పైపు) గానీ వాడండి.

చలిమంట

గీజర్ గురించి నాదీ ఒక అనుభవం. 10 కిలోవాట్లు అంటే గంటకి కిలో గ్యాస్. చిన్న సిలిండర్ నుంచి చలిలో అంత వేగంగా లాగితే సిలిండరే చల్లబడిపోయి, ఒంటి మీద మంచు పట్టి, మంట నీరసించిపోతుంది. బ్యూటేన్ అయితే సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడమే మానేస్తుంది. ప్రొపేన్‌కి ఆ బాధ లేదు, అది మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. చలి ప్రాంతానికైతే ప్రొపేన్ పాలు ఎక్కువున్న గ్యాస్, కాస్త పెద్ద సిలిండర్ తీసుకెళ్ళండి. సిలిండర్‌ని వేడి చేసే పని మాత్రం పొరపాటున కూడా పెట్టుకోవద్దు.

పిల్లలతోప్రయాణం

నలుగురు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్నారన్నారు కాబట్టి రాస్తున్నాను. పెద్దలకే 60 డిగ్రీల నీళ్ళు తగిలితే ఐదారు సెకన్లలో తీవ్రంగా కాలుతుంది. పిల్లల చర్మం, వయసు మళ్ళినవాళ్ళ చర్మం ఇంకా పల్చన. షవర్‌లోకి వెళ్ళే గొట్టంలో 42కి మించిన నీళ్ళు ఉండే అవకాశమే లేకుండా చేయండి. నాకు మిగతా హంగులన్నీ దీని తర్వాతే.

మేం పాటించే పద్ధతి చాలా పాతది, సులువు. పెద్ద గిన్నెల్లో నీళ్ళు కాస్తాం. వేరే డబ్బాలో కలుపుతాం. కలిపిన డబ్బాలోంచి మాత్రమే పంపు లాగుతుంది. వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు అంటారు కదా, ఇక్కడ మాత్రం వరస తిరగేయాలి: ముందు డబ్బాలో చన్నీళ్ళు, వాటిలో వేణ్ణీళ్ళు. అప్పుడు ఎవరైనా మధ్యలో చెయ్యి పెట్టినా ఎక్కువ కాలదు. చల్లవి 12 డిగ్రీలు, మరుగుతున్నవి 95 అయితే రెండు పాళ్ళ చల్లవాటికి ఒక పాలు వేడివి. సరిగ్గా 40 దగ్గరికి వస్తాయి. 16 లీటర్ల చన్నీళ్ళు, 8 లీటర్ల వేణ్ణీళ్ళు, ముగ్గురి స్నానం. కర్రతో బాగా కలిపి, థర్మామీటర్ చూసి, మోచెయ్యి ముంచి చూసి, అప్పుడే పంపు.

మరిగే గిన్నెని ఎవ్వరూ మోయకూడదు. డబ్బానే గిన్నె దగ్గరికి తేవాలి. గిన్నెకి అడుగున కుళాయి బిగిస్తే మేలు, లేకపోతే పొడవాటి పిడి ఉన్న గరిటె లాంటిది. 50 లీటర్ల గిన్నె ఒకటి పెట్టకండి. పొయ్యి మీద అర క్వింటాల్ బరువు ఒరిగిందంటే తలుచుకోవడానికే భయం. 25 లీటర్లవి రెండు, నేలకి ఆనినట్టుండే పొట్టి పొయ్యిల మీద.

రాగిచుట్ట

ఒప్పుకుంటాను. పిల్లలున్న పెద్ద గుంపుకి కలిపే డబ్బా పద్ధతే మేలు. చుట్ట నాలాగా ఇద్దరు ముగ్గురు వెళ్ళేవాళ్ళకి.

ఎండబుట్ట

అందరూ మంట గురించే రాస్తున్నారు. ఎండని మర్చిపోయారు. మధ్యాహ్నమంతా క్యాంపు ఖాళీగానే ఉంటుంది కదా! నల్ల షవర్ సంచులు గానీ నల్ల రంగు వేసిన క్యాన్లు గానీ నీళ్ళు నింపి, గాలి తగలని చోట, సూర్యుడికి ఎదురుగా పడుకోబెట్టి వెళ్ళండి. 20 లీటర్ల సంచి రెండు మూడు గంటల మంచి ఎండలో 12 నుంచి 25కి రావడం పెద్ద విషయం కాదు. కింద నేల వేడిని లాగేయకుండా పాత ఫోమ్ చాప వేయండి.

ఎండతోనే స్నానానికి సరిపడే వేడి వస్తుందని చలికాలంలో ఆశపడొద్దు. కానీ 25 దాకా ఎండ తెచ్చిపెడితే మిగతా 15 డిగ్రీలే గ్యాస్ పని. సగానికి సగం ఆదా, టైమూ అంతే. కలిపే చన్నీళ్ళు కూడా 25వి అయితే 144 లీటర్లకి 48 బదులు 31 లీటర్లు కాస్తే సరిపోతుంది.

డేరాపక్షి

అందరికీ చాలా థాంక్స్. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. పిల్లలతోప్రయాణం గారి పద్ధతికే ఖాయమయ్యాను, దానికి ఎండబుట్ట గారి సంచులు జోడించాను. ఇంటి వెనక ఒక సాయంత్రం మొత్తం పెట్టి చూశాం.

రెండు పొయ్యిలు, రెండు 25 లీటర్ల మూత గిన్నెలు. ఆ రోజు మబ్బుగా ఉండటంతో సంచుల నీళ్ళు పెద్దగా వేడెక్కలేదు, అందుకే గిన్నెలు మరగడానికి గంట దాకా పట్టింది. కలిపే డబ్బాగా మొదట మామూలు ప్లాస్టిక్ బకెట్ పెట్టాం. మొదటి మనిషికి బాగున్నాయి, మూడో మనిషి వచ్చేసరికి చల్లబడ్డాయి. దాని బదులు కూల్‌డ్రింకులు పెట్టుకునే ఐస్ బాక్స్ వాడితే ముగ్గురికీ ఒకేలా వచ్చాయి. చల్లదనాన్ని ఆపే గోడలే వేడినీ ఆపుతాయి కదా! మూతకి చిన్న గాటు పెట్టి పంపు గొట్టం లోపలికి దింపాను. ముందు చన్నీళ్ళు పోస్తాం కాబట్టి లోపలి ప్లాస్టిక్‌కి మరిగే నీళ్ళు నేరుగా తగలవు.

ఇంకొకటి గమనించాను. గొట్టం పొడుగునా, షవర్ నుంచి ఒంటి మీద పడేలోపూ నీళ్ళు ఒకటి రెండు డిగ్రీలు చల్లారతాయి. అందుకని డబ్బాలో 41, 42 పెట్టుకుంటున్నాం. గొట్టం మూడు మీటర్లు మించకుండా చూశాను.

ఒక్క సందేహం. గాలి. షవర్ టెంట్ పై భాగం తెరిచి ఉంటుంది. తడి ఒంటికి గాలి తగిలితే నీళ్ళెంత వేడిగా ఉన్నా వణుకు తప్పదు.

చలిమంట

టెంట్ తలుపు గాలికి ఎదురు వైపు కాకుండా వెనక్కి ఉండేలా నిలపండి. బండిని గాలి వచ్చే వైపు అడ్డంగా పెడితే సగం పని అయినట్టే. పొయ్యిలు మాత్రం టెంట్‌కి గాలి పోయే దిశలో, పది అడుగులు దూరంగా. అడుగున చెక్క పలకల తడక వేస్తే కాళ్ళు బురదలో దిగవు. టవల్, పొడి బట్టలు టెంట్ లోపలే ఒక మూల ప్లాస్టిక్ సంచిలో వేలాడాలి. ఒళ్ళు తుడుచుకోవడానికి బయటికి రావాల్సి వస్తే అంత వేడీ వృథా.

కాలిబాట

నేను ఈ చర్చకి కొత్త. మా బండి క్యాంపు దాకా పోదు, బ్యాటరీ, పంపు మోయలేం. నలుగురమే. పొలంలో మందు కొట్టే చేతి పంపు స్ప్రేయర్‌తో పని జరుగుతుందా?

పంపుమెకానిక్

జరుగుతుంది, చక్కగా. 8 లీటర్లది చాలు. కానీ కొత్తదే కొనాలి. ఒక్కసారైనా పురుగుమందు పోసింది ఎంత కడిగినా ఒంటి మీదకి పనికిరాదు. ముక్కు తీసేసి వంటింటి సింక్ దగ్గర వాడే చేతి షవర్ బిగించండి, టెఫ్లాన్ టేప్ చుట్టి. బయట కలిపిన గోరువెచ్చని నీళ్ళే పోయాలి. ఆ ట్యాంకు ప్లాస్టిక్ వేడికి, ఒత్తిడికి రెండింటికీ కలిపి చేసింది కాదు. ఎంత వేడి తట్టుకుంటుందో దాని మీద రాసి ఉంటే దాన్ని మించకండి. ఒత్తిడి వదిలే వాల్వ్ ఉన్నదే ఎంచుకోండి.

వాగుఒడ్డు

ఎవరూ వాడిన నీళ్ళ మాట ఎత్తలేదు, నాకు అది ముఖ్యం. 18 మంది సబ్బు నీళ్ళు రోజుకి 144 లీటర్లు. మట్టిలో కలిసిపోయే సబ్బు అని రాసి ఉన్నా అది మట్టి కోసమే, వాగు కోసం కాదు. సబ్బు నీటి పురుగుల్ని, చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. షవర్ టెంట్‌ని వాగుకి కనీసం 60 మీటర్ల దూరంలో వేయండి. నీళ్ళు మోసుకు రావడం కష్టమే, కానీ క్యాన్లు ఎండలో పెట్టడానికి ఎలాగూ తెస్తారు.

అన్ని నీళ్ళూ ఒకేచోట పడితే రెండో రోజుకి అక్కడ బురదగుంట తయారవుతుంది. టెంట్‌ని రోజూ కొన్ని అడుగులు జరపండి. నీళ్ళు ఇంకడానికి గుంట తవ్వుకోవచ్చు గానీ, మీరు ఉండే చోట తవ్వడానికి అనుమతి లేకపోతే, తడక కింద టార్పాలిన్ వేసి ఒక మూలకి వాలుగా పెట్టి బకెట్‌లోకి పట్టి, గడ్డి నేల మీద పల్చగా చల్లండి. జుట్టు, సబ్బు ముక్కలు జల్లెడలో ఆగినవి చెత్తతో పాటు వెనక్కి తెచ్చేయాలి.

డేరాపక్షి

60 మీటర్లు పెట్టుకుంటాం. టెంట్ జరపడం కూడా రాసుకున్నాను. పెద్ద సబ్బు బిళ్ళల బదులు తలా కొంచెం లిక్విడ్ సబ్బు చిన్న సీసాల్లో ఇచ్చేద్దామనుకుంటున్నాం, వాడకం తగ్గుతుంది.

ఆఖరి ప్రశ్న. రాత్రి మిగిలిన గోరువెచ్చని నీళ్ళు ఐస్ బాక్స్‌లోనే ఉంచేస్తే పొద్దున్నకి కాస్తయినా వేడి మిగులుతుంది కదా, వాడుకోవచ్చా?

పంపుమెకానిక్

ఉంచకండి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ ఉన్న నీళ్ళలో లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. షవర్ తుంపరతో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మీతో వయసు పైబడినవాళ్ళు ఉన్నారు. రాత్రే పారబోసి, బాక్స్ తుడిచి, మూత తెరిచి పెట్టండి. పంపుని కొద్ది క్షణాలు ఖాళీగా నడిపి గొట్టంలో నీళ్ళు బయటికి తోసేయండి. షవర్ తల కిందికి ఉండేలా గొట్టాన్ని వేలాడదీయండి. రాత్రి సున్నా దాకా పడిపోయే చోటైతే ఇది ఇంకా ముఖ్యం, పంపులో మిగిలిన నీళ్ళు గడ్డకడితే దాని పెట్టె పగులుతుంది. పొద్దున్నే ఫిల్టర్ జాలీ విప్పి ఒకసారి కడిగి, వాషర్ దాని చోట కూర్చుందో లేదో చూసి బిగించండి. గాలి లాగుతూ పంపు టకటకమంటుంటే తొంభై శాతం ఆ వాషరే.